చెక్క అడుగుకి చింతపండు నీళ్ళు

విశాఖలో గాజువాక చుట్టుపక్కల మా బంధువుల్లో చెక్కనేల ఉన్న ఇల్లు ఒక్కరికీ లేదు. మట్టినేలలుండేవి, తర్వాత ఎర్రగచ్చులొచ్చాయి, ఆపైన నాపరాళ్ళు, ఇప్పుడు టైల్సు. మా వైపు చెక్కనేల భాగ్యం లారీలకే దక్కింది. ఆటోనగర్‌లో బాడీలు కట్టే షెడ్ల మధ్య తిరిగి పెరిగిన నాకు నేలంటే ముందు గుర్తొచ్చేది, పలకలు పక్కపక్కన పరిచి అడ్డదూలాలకి బోల్టులతో బిగించిన మద్దిచెక్క అడుగే. బడి లేని రోజుల్లో, అక్కడ మేస్త్రీగా పనిచేసే నాన్నకి క్యారేజీ పట్టుకెళ్ళి, పని జరుగుతున్న లారీ ఎక్కి, ఆ పలకల మీదే ఆయనతో కలిసి అన్నం తినేదాన్ని. చెక్క అప్పుడే చిత్రిక పట్టినదైతే ఒక వాసన, వానలకి నాని ఆరినదైతే మరో వాసన. ఏళ్ళ తరబడి బరువులు మోసి మరమ్మతుకొచ్చిన లారీదైతే అది ఏం మోసిందో ముక్కే చెప్పేసేది.

ఆ అడుగుల్ని శుభ్రం చెయ్యడం ఒక విద్య. దానికి కావలసిన సరుకంతా వంటింట్లోదీ పొయ్యికిందదీ పశువులశాలదీ. చింతపండు, కుంకుడుకాయలు, ఉప్పు, తవుడు, కొబ్బరిపీచు, గోనెపట్టా, కాస్త కిరసనాయిలు, కాస్త అవిసె నూనె. సీసాల్లో అమ్మే మందు ఒక్కటీ ఆ షెడ్డులో నేను చూడలేదు. నాన్నతో పని చేసిన మేస్త్రీలు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు. వాళ్ళకి తెలిసినదాన్ని ఎక్కడా రాసి పెట్టలేదు కాబట్టి, నేను చూసినంతవరకు రాస్తున్నాను.

విశాఖలో లారీ ఎక్కని సరుకు లేదు. 1933లో రేవు తెరుచుకుంది. 1957లో కాల్టెక్స్ రిఫైనరీ వచ్చింది, అరవైల్లో ఎరువుల కర్మాగారం వచ్చింది. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన చేశారు. దాన్ని జాతికి అంకితం చేసేసరికి 1992 ఆగస్టు 1 అయింది. ఆ నడుమ 20 ఏళ్ళకి పైగా సిమెంటు, కంకర, ఇసుక, ఇనుము కర్మాగారం దారి వెంట నడుస్తూనే ఉన్నాయి. బొగ్గు మోసిన లారీ మర్నాడు బియ్యం మోసేది. చేపలు దింపిన లారీ తిరుగు ప్రయాణంలో బెల్లం ఎత్తుకొచ్చేది. ఒక సరుకు వాసన, ఒక సరుకు మరక రెండోదానికి అంటితే బేరం పోతుంది. అందుకే లారీ అడుగు శుభ్రత అనేది పూజకో పండక్కో చేసే పని అయ్యేది కాదు, దాని మీద యజమాని కిరాయి ఆధారపడి ఉండేది.

అప్పట్లో కంపెనీ నుంచి ఛాసిస్ మాత్రమే వచ్చేది. ముందు ఇంజను, స్టీరింగు, వెనక రెండు ఇనప కమ్మీలు, అంతే. డ్రైవరు తలకి తువ్వాలు చుట్టుకుని, చెక్కపెట్టె మీద కూర్చుని, ఎండకీ దుమ్ముకీ ఎదురొడ్డి వందల మైళ్ళు నడుపుకొచ్చి షెడ్డు ముందు దిగేవాడు. అక్కణ్ణించి క్యాబినూ, బాడీ, అడుగూ, రంగులూ అన్నీ మన మేస్త్రీల చేతి పనే. అడుగుకి మద్దిగానీ వేగిసగానీ వాడేవారు. మద్దిలో మేకు నేరుగా దిగదు, వంగిపోతుంది. ముందు బరమాతో కన్నం వేసి, ఆ కన్నంలో బోల్టు దింపి, తల పైకి లేవకుండా చెక్కలోకి ముంచేవారు. పలకకీ పలకకీ మధ్య గోరు మందం సందు వదిలేవారు. ఆ సందు ఎందుకని అడిగితే నాన్న ఇలా చెప్పారు. చెక్క నిలువునా పెరగదు, అడ్డంగా పెరుగుతుంది. వానాకాలం తేమ తాగి ఉబ్బుతుంది, వేసవిలో కుంచించుకుపోతుంది. సందు లేకుండా బిగిస్తే పలకలు ఒకదాన్నొకటి తోసుకుని నడుం ఎత్తేస్తాయి.

నీళ్ళ దగ్గర ఆయన అంత కటువుగా ఉండడానికి కారణం కూడా అదే. కొత్తగా పనిలో చేరిన క్లీనరు కుర్రాళ్ళు బకెట్టు ఎత్తి ఒక్కసారిగా పోసేవాళ్ళు. నాన్న కేక వినపడేది.

"ఒరే అబ్బాయ్, అదేటి గచ్చనుకున్నావేటి? అలగ కుమ్మరించకు. ముందు ఊడువు. తర్వాత గుడ్డ తడిపి పిండు."

"అలాగేనండి మేస్త్రీ గారూ."

పైనుంచి నీళ్ళు పోసి ఎండలో వదిలేస్తే పలక పైవైపు త్వరగా ఆరుతుంది, కిందివైపు తడిగానే ఉంటుంది. అప్పుడు అంచులు పైకి లేచి పలక దొప్పలా వంగుతుంది. ఒకసారి అలా వంగిన పలక మళ్ళీ చదునవడం కష్టం. కాబట్టి తడి పని పొద్దున్నే పూర్తి చేసేవారు. లారీని ముందువైపు ఎత్తుగా ఉండే చోట నిలబెట్టి, వెనక డోరు దింపి, క్యాబిను వైపు నుంచి మొదలెట్టి వెనక్కి వచ్చేవారు. చేతి కదలిక ఎప్పుడూ చెక్క చార వెంటే. అడ్డంగా రుద్దితే మురికి చారల్లోకి దిగి కూర్చుంటుంది.

ఇక మరకల సంగతి. వీటిలోనే అసలు విద్య ఉంది.

సిమెంటు దింపిన లారీకి నీళ్ళ మాటే ఎత్తకూడదు. పలకల సందుల్లో పొడి ఒక్క పిడికెడు మిగిలినా తడి తగిలితే రాయైపోతుంది, ఆ తర్వాత వర్షానికి ఉబ్బడానికి చెక్కకి చోటుండదు. కొబ్బరి ఈనెల చీపురుతో ఊడ్చి, ఇనప కడ్డీ మొనతో సందులు గీకి, మళ్ళీ ఊడ్చేవారు. బొగ్గుకీ ఇనపరాయి దుమ్ముకీ వేరే పద్ధతి. షెడ్డు నిండా రంపపు పొట్టు ఎలాగూ ఉంటుంది. రెండు గంపల పొట్టు మీద కాసిన్ని నీళ్ళు, కొంచెం కిరసనాయిలు చిలకరించి కలిపి, అడుగంతా చల్లి, దాన్ని నెట్టుకుంటూ ఊడ్చేవారు. తడిపొట్టు దుమ్ముని పట్టేసుకుంటుంది, గాలిలోకి లేవనివ్వదు. రేవు గాలితో పాటు ఇళ్ళలోకొచ్చే నల్లదుమ్ముకి మా అమ్మ కూడా ఇదే వాడేది. గచ్చు మీద పొట్టు చల్లి ఊడిస్తే మంచం కిందనించి కూడా నుసి లేవకుండా వచ్చేసేది.

బెల్లం కష్టమైన సరుకు. అనకాపల్లి ఎంత దూరమని! దేశంలోని పెద్ద బెల్లం మార్కెట్లలో అదొకటి, సీజన్లో లారీలు వరసగా నిలబడేవి. ఎండకి దిమ్మలు చెమర్చి, పాకం కారి, పలకల్లోకి ఇంకేది. చీమలూ ఈగలూ ఒక ఎత్తు, ఆ జిగురు మీద పడిన ప్రతి దుమ్మూ అతుక్కుపోవడం ఇంకో ఎత్తు. ఇనప గీకుడు కత్తితో గీస్తే చెక్క పీచు లేస్తుందని కొబ్బరిచిప్ప అంచుతో గీకించేవారు. తర్వాత వేడినీళ్ళలో ముంచి పిండిన గోనెపట్టా మరక మీద పరిచి కాసేపు వదిలేస్తే బెల్లం దానంతట అదే కరిగి పట్టాకెక్కేది. అలా రెండు మూడు పట్టాలు మార్చాక పొడిగుడ్డ వేసి తుడిచి, చివర కిరసనాయిలు గుడ్డతో ఒక చెయ్యి వేసేవారు, చీమలు తిరిగి రాకుండా.

ఫిషింగ్ హార్బరు నుంచి వచ్చిన లారీలంటే కుర్రాళ్ళు పారిపోయేవారు. ఐసు కరిగిన నీళ్ళు చేప రసంతో కలిసి చెక్కలోకి దిగితే ఆ కంపు సబ్బుకి లొంగదు. దానికి మందు చింతపండు. పాత చింతపండు నీళ్ళలో పిసికి, పిప్పితో సహా అడుగు మీద పోసి, పైన కల్లుప్పు చల్లి, కొబ్బరిపీచుతో రుద్దేవారు. ఇందులో వింతేం లేదు, ప్రతి ఇంట్లో చేప కడిగే పద్ధతే ఇది. చేపలో నీచు వాసన తెచ్చే పదార్థాలకి క్షారగుణం ఉంటుంది. చింతపండులో పులుపు వాటిని పట్టి కట్టేస్తుంది, అప్పుడవి ఆవిరై ముక్కుదాకా రాలేవు. ఈ రసాయనశాస్త్రం నేను తర్వాత పుస్తకంలో చదువుకున్నాను. షెడ్డులోకి ఈ పని తెచ్చింది మాత్రం మా మామ్మ. ఒకనాడు లారీ ఎక్కి వాసన చూసి, "పులుపు వేయండర్రా, సబ్బేటి సేత్తాది?" అని ఇంటికెళ్ళి చింతపండు ముద్ద పంపించిందట.

అదే చింతపండు నల్లమరకలకి కూడా పనికొచ్చేది. మద్దిలాంటి గట్టి చెక్కల్లో వగరు పదార్థం, టానిన్, ఎక్కువ. తడిసిన చెక్కకి ఇనుము తగిలితే ఆ రెండూ కలిసి సిరాలాంటి నలుపు పుడుతుంది. పాతకాలంలో సిరా తయారుచేసింది నిజంగానే వగరుకాయల రసంతో, ఇనుముతో. ఉక్కునగరంలో లారీలు మోసేది ఇనప ఊచలూ రేకులూ కాబట్టి, మా వైపు లారీ అడుగులు బోల్టు తలల చుట్టూ నల్లగా పూలు పూసినట్టుండేవి. పులుపు ఆ నలుపుని కొంత విడగొడుతుంది. చింతపండు గుజ్జు రాత్రంతా పట్టించి పొద్దున్నే తుడిస్తే మరక గోధుమరంగుకి దిగేది. పూర్తిగా పోదు. పూర్తిగా పోవాలని పొయ్యిబూడిద వేసి రుద్దేవాళ్ళూ ఉన్నారు. బూడిద క్షారం, జిడ్డు లాగేస్తుంది నిజమే గానీ వగరు చెక్కని ఇంకా నల్లబరుస్తుంది. గిన్నెలకి బూడిద, చెక్కకి పులుపు అని అందుకే అనేవారు.

శ్రీకాకుళం వైపు నౌపడ నుంచి ఉప్పు తెచ్చిన లారీకి మాత్రం నాన్న నీళ్ళు ధారాళంగా వాడనిచ్చేవారు. ఉప్పు గాలిలో తేమని లాక్కుంటుంది. ఉప్పు ఇంకిన చెక్క వేసవిలో కూడా తడిగానే ఉంటుంది, బోల్టులు తుప్పు పడతాయి. ఎరువు బస్తాలు చిరిగి ఒలికినా అదే తంతు. మంచినీళ్ళతో తడిపి తుడిచి, మళ్ళీ తడిపి తుడిచి, నీడలో గాలికి రెండు రోజులు ఆరనిచ్చేవారు. లారీ రెండు రోజులు ఆగితే యజమానికి నష్టం, డ్రైవరుకి బత్తా పోతుంది. అయినా ఆగేవారు.

గ్రీజుకీ ఇంజన్ ఆయిలుకీ తవుడు. మరక మీద పోసి కాలితో తొక్కి వదిలేస్తే మర్నాటికి ఆయిలంతా తవుడు తాగేసేది. తర్వాత కుంకుడు రసం నురగతో కడిగితే చాలు. కుంకుడు నురగ సోడా సబ్బంత కరుకుది కాదు, చెక్కలో సహజంగా ఉండే నూనెని పూర్తిగా లాగెయ్యదు. తవుడుకి ఇంకో గుణం ఉంది, దానిలోనూ నూనె ఉంటుంది. జపాన్‌లో ఇళ్ళ చెక్కనేలల్ని తవుడు మూటతో రుద్ది మెరిపించే అలవాటు పాతది. బైలదిల్లా గనుల ఇనపరాయి మన రేవు నుంచి ఏళ్ళ తరబడి వెళ్ళింది ఆ దేశానికే. వరి పండించుకు తినే రెండు చోట్ల చెక్కకి ఒకే సరుకు పనికొచ్చిందని తెలిసిన రోజు నాకు చాలా సంతోషం కలిగింది.

శుభ్రం చేశాక చెక్కకి నూనె పట్టించాలి. వంటనూనెలు పనికిరావు. కొబ్బరినూనె, ఆముదం ఆరవు, దుమ్ము పట్టుకుని జిడ్డవుతాయి. అవిసె నూనె గాలి తగిలితే గట్టిపడి చెక్కలో పొరలా నిలుస్తుంది. దాన్ని కొంచెం వేడిచేసి, కిరసనాయిలు కలిపి పలచన చేసి, పాత పంచెగుడ్డతో పట్టించేవారు. చెక్క తాగినంత తాగాక పైన మిగిలింది తుడిచెయ్యాలి. ఆ తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి మూల పడెయ్యకూడదు. అవిసె నూనె గాలితో కలిసి గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది, ఉండలో ఆ వేడి బయటికి పోలేక గుడ్డ దానంతటదే అంటుకుంటుంది. చుట్టూ రంపపు పొట్టు ఉన్న చోట అలాంటిది ఊహించుకోండి. మా షెడ్డులో వాడిన గుడ్డలన్నీ నీళ్ళ బకెట్టులో వేసేవారు, లేదా తీగ మీద విడివిడిగా ఆరేసేవారు. ఈ ఒక్క విషయంలో నాన్న ఎవర్నీ నమ్మేవారు కాదు. షెడ్డు మూసేముందు తనే వెళ్ళి చూసుకునేవారు.

పలకల అడుగువైపు, ఎవరికీ కనపడని వైపు, జీడినూనె రాసేవారు. పలాస నుంచి వచ్చేది, జీడిపిక్క తొక్కలోంచి తీసిన నల్లటి నూనె. పడవల చెక్కకి పురుగు పట్టకుండా రాసేదీ అదే. చర్మం మీద పడితే బొబ్బలెక్కుతుంది. చేతులకి ముందు కొబ్బరినూనె రాసుకుని, పైన గోనెగుడ్డ చుట్టుకుని రాసినా మేస్త్రీల మణికట్ల మీద మచ్చలుండేవి. ఆ మచ్చలు నాన్నకి ఇప్పటికీ ఉన్నాయి. సరుకు పాడవకుండా రాష్ట్రాలు దాటిన ప్రతి లారీ కింద ఈ చేతులున్నాయని నేను గర్వంగా చెప్పుకుంటాను.

మామ్మ గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే నాన్నకి నేల అంటే గౌరవం నేర్పింది ఆవిడ. ఉక్కు కర్మాగారం కోసం ఖాళీ చేసిన ఊళ్ళలో ఆవిడ ఊరూ ఒకటి. అక్కడ ఇంటిది మట్టినేల. ఎర్రమట్టి, ఆవుపేడ నీళ్ళలో కలిపి, గదిలో లోపలి మూల నుంచి మొదలెట్టి, చెయ్యి అర్ధచంద్రాకారంగా తిప్పుతూ, తను అలికిన చోట తన కాలు పడకుండా వెనక్కి జరుగుతూ గుమ్మం దాకా వచ్చేది. పేడలోని గడ్డిపీచు మట్టిని పట్టి ఉంచుతుంది, ఆరాక పగుళ్ళు రావు, పాదానికి చల్లగా ఉంటుంది. నిర్వాసితుల కాలనీకి వచ్చాక సిమెంటు నేల. దాన్ని అలకడానికి లేదు. కొన్నాళ్ళు ఆవిడ వాకిలి మాత్రం అలికి ముగ్గేసి, ఇంట్లో నేలని ముట్టుకోలేదని మా అమ్మ చెప్పేది. తర్వాత నాన్న ఎర్రగచ్చు చేయించారు. సిమెంటులో రెడాక్సైడ్ పొడి కలిపి, తాపీతో నున్నగా తోమి, రోజుల తరబడి తడిపిన గచ్చు. అప్పుడు మామ్మ చేతికి మళ్ళీ పని దొరికింది. కొబ్బరిపీచుతో దుమ్ము తీసి, నాలుగు చుక్కల కొబ్బరినూనె గుడ్డకి అద్ది, గురువారం సాయంత్రాలు నేలంతా రుద్దేది. మొహం కనపడేంత నునుపు తేలింది ఆ గచ్చు. గడపకి శుక్రవారం పొద్దున్న పసుపు. గడప మాత్రం టేకుది. పాత ఊళ్ళో ఇల్లు విప్పేటప్పుడు మామ్మ బండిలో వేయించుకుని తెచ్చినది.

లారీ అడుగుని క్యాబిను వైపు నుంచి డోరు వైపు తుడుచుకుంటూ రావడం నాన్న నేర్చుకున్నది ఆవిడ అలుకు చూసే. ఆయనే చెప్పారు.

ఇదంతా ఎప్పుడు పోయిందంటే ఒక్క రోజు చూపించలేను. 1996 డిసెంబరు 12న గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు అడవుల నరికివేత మీద ఆంక్షలు పెట్టింది. అడవులకి అది కావలసిన తీర్పే, నాకు అందులో సందేహం లేదు. అయితే మద్ది దొరకడం కష్టమైంది, దొరికినదాని ధర అందకుండా పోయింది. అడుగులకి ఇనప రేకులు వెయ్యడం మొదలైంది. టిప్పర్లొచ్చాయి, వాటికి చెక్కతో పనే లేదు. 2003లో రేవులో కంటైనర్ టెర్మినల్ మొదలయ్యాక సరుకు పెట్టెల్లో ప్రయాణం చెయ్యసాగింది. కంపెనీలు క్యాబిను, బాడీ కట్టేసిన లారీలు అమ్మడం మొదలెట్టాయి. షెడ్లలో చిత్రికలు మూలపడి వెల్డింగు మిషన్లు వచ్చాయి. రేకు అడుగుకి వాటర్ సర్వీసింగు చాలు, గొట్టం పెట్టి కొడితే అయిదు నిమిషాల పని. వడ్రంగులు కొందరు తలుపులూ కిటికీల వైపు వెళ్ళారు, కొందరు వెల్డింగు నేర్చుకున్నారు. వయసు మీరిన వాళ్ళు ఇంటికి వెళ్ళారు. వాళ్ళ దగ్గర పని నేర్చుకోవలసిన కుర్రాళ్ళు షెడ్డుకి రాలేదు. నాకు కోపం వచ్చేది కొత్త రేకు మీద కాదు. ఇన్నేళ్ళ ఈ తెలివిని అడిగి రాసుకునేవాళ్ళు ఒక్కరూ ఆటోనగర్‌కి రాలేదు.

విచిత్రం ఏమిటంటే ఆ కంటైనర్ల లోపల నేల కూడా చెక్కే. బయట అంతా ఉక్కు, కాళ్ళ కింద మాత్రం చాలావాటిలో ఆగ్నేయాసియా గట్టి కలపని పొరలుగా అతికించిన 28 మిల్లీమీటర్ల ప్లైవుడ్. ఒకసారి యార్డులో పనిచేసే మా మేనమామ కొడుకు నాన్నని తీసుకెళ్ళి ఖాళీ పెట్టె ఒకటి చూపించాడు. నాన్న వంగి, వేలితో పొరలు తడిమి, మూలన ఆయిలు మరక చూసి, "దీనికేం వేస్తన్నార్రా?" అని అడిగారు. వాడు రంపపు పొట్టని చెప్పాడు. నాన్న మొహం వెలిగిపోయింది.

ఇప్పుడు మా ఇంట్లో చెక్కనేల మాట వచ్చేది అమెరికా ఫోన్లలో. అక్కడున్న మా చెల్లెలు ఓక్ చెక్కనేల ఉన్న ఇల్లు కొనుక్కుంది. వెనిగర్ నీళ్ళతో తుడవమని ఎవరో చెప్పారట, చెయ్యొచ్చా అని అడిగింది. నాన్న వెంటనే ఏ సలహా చెప్పలేదు. ఆ చెక్క మీద ఏ పూత ఉందో తెలియకుండా చెప్పకూడదన్నారు. ఒక మూలన ఒక్క నీటిబొట్టు వేసి కాసేపు చూడమన్నారు. ఇంకిపోతే అది నూనె పట్టించిన చెక్కో, పూత అరిగిన చెక్కో. బొట్టు బొట్టులాగే నిలబడితే పైన గట్టి పూత ఉన్నట్టు. నిలబడిందని చెప్పింది. అయితే పులుపేదీ వద్దు, అది రోజూ పడితే పూత మెరుపు చస్తుంది, అన్నారు. అక్కడి చెక్కనేలల వాళ్ళూ వెనిగర్ వద్దనే చెబుతారని నేను తర్వాత చదివాను. తడిపి గట్టిగా పిండిన గుడ్డతో చార వెంట తుడిచి, వెంటనే పొడిగుడ్డ వెయ్యమన్నారు. బూట్లతో వచ్చే ఇసుక గీతలు పెడుతుందని గుమ్మం దగ్గర పీచుపట్టా వెయ్యమన్నారు. కుర్చీల కాళ్ళకి మందం గుడ్డ అతికించమన్నారు. చలికాలం హీటరు వేసుకున్నప్పుడు పలకల మధ్య సందులు కనపడితే కంగారుపడి పుట్టీ నింపించొద్దని, గాలిలో తేమ పెరిగాక అవి మళ్ళీ కలుసుకుంటాయని రెండుసార్లు చెప్పారు.